మఖ్మలు పరదా కట్టిన పడవ

మా ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఏ వస్తువైనా తన పని తాను చేసుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయేవాడు. దాన్ని బాగుచేయాలి. ఇంట్లో గోడగడియారం నిక్షేపంగా నడుస్తుంటే దానికి ఇత్తడి తలుపులు పెట్టించి, లోలకానికి పట్టు కుచ్చులు కట్టించాడు. ఆ కుచ్చులు ఇరుక్కుని గడియారం ఆగిపోయింది. ఆగిపోయాక దాని అందం ఇంకా బాగా కనిపిస్తోందని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అట్లాంటి మనిషి చేతికి ఒక పడవ చిక్కింది.

ఆయన పేరు శ్రీపతి. ఆబిడ్స్‌లో పరదాల దుకాణం, మా మామగారు పెట్టింది. నవాబుల దేవిడీలకు తలుపు పరదాలు, దొరల బంగ్లాలకు కిటికీ పరదాలు, బగ్గీలకూ మేనాలకూ మోటార్లకూ కూడా పరదాలు. అమ్మేవాడు సరుకు అమ్ముకుని ఇంటికి రావాలి. మా మామగారు సరుకు వెనక ఉన్న రివాజును కూడా ఇంటికి మోసుకొచ్చారు. మా చుట్టాల్లో ఎక్కడా లేని ఘోషా నాంపల్లిలోని మా ఇంట్లో వెలిసింది. దేవిడీల్లో బేగములు ఎట్లా ఉంటారో మేమూ అట్లా ఉండాలట. బేగములకు లోపల తోటలుంటాయి, నీళ్ల హౌజులుంటాయి. మాకు లోపల ఉన్నది ఒక వాకిలి, ఒక బావి, బట్టలారేసే తీగ. బయటికి పోవాలంటే పరదా కట్టిన బండి పక్కసందు గేటులోంచి వాకిట్లోకి వచ్చేది. మా వాకిట్లో ఎక్కి ఇంకెవరి వాకిట్లోనో దిగడం, అంతే. వీధి తలుపు మగవాళ్లది. దాన్ని నేను లోపలివైపు నుంచి తప్ప చూడలేదు.

నాది మంథని. గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. అవతలి ఒడ్డుకు పోయేటప్పుడు పుట్టిలోంచి నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చునేదాన్ని. మొసలి పట్టుకుంటుందని మా నాయన తిట్టేవాడు. చెయ్యి తీసి, ఆయన అటు తిరగగానే మళ్లీ పెట్టేదాన్ని. ఈ ఇంటి కోడలినయ్యాక నేను చూసిన నీళ్లన్నీ బావిలోవి, బిందెలోవి. నగలు కావాలని నేనెన్నడూ అడగలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా పెద్ద నీళ్లు కళ్లారా చూడాలని ఉండేది. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

రైల్వేలో పనిచేసే ఒక దొర సీమకు వెళ్లిపోతూ బంగ్లా సామానంతా హర్రాజు వేశాడు. మా ఆయన తివాచీలు చూసొస్తానని పోయి పడవతో తిరిగొచ్చాడు. నలుగురు కూర్చునేంత చిన్న తెరచాప పడవ. దాన్ని ఎక్కించడానికి రెండు చక్రాల బండి కూడా ఉంది. దొర ఆ బండిని తన మోటారు వెనక కట్టి సాగరు చెరువుకు లాక్కుపోయేవాడట. మా దగ్గర మోటారేది? బీరయ్య అనే బండివాడి ఎడ్లు కట్టారు. పడవ నడుమ ఒక సందు, ఆ సందులోంచి నీళ్లలోకి దించే ఒక పొడవాటి టేకు పలక ఉన్నాయి. ఆ పలక దింపకపోతే పడవ గాలికి పక్కకు కొట్టుకుపోతుందని దొర ఒకటికి నాలుగుసార్లు చెప్పాడట. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పింది మా ఆయనే. చెప్పినంత తొందరగా మరిచిపోయింది కూడా ఆయనే.

మొదట్లో బాగానే సాగింది. శుక్రవారం దుకాణానికి సెలవు. ఆయనా, ఆయన స్నేహితుడు ఇంద్రసేనా పడవ తీసుకుని ఖైరతాబాద్ వైపు నుంచి సాగరులోకి దిగేవాళ్లు. ఇంద్రసేన లక్డీకాపూల్ దగ్గర ఒక సర్కారు కచేరీలో గుమాస్తా. ఒకసారి బొంబాయి పోయి ఒడ్డున నిలబడి ఓడలు చూసొచ్చాడు. ఆ చూసిరావడానికే మా ఆయన అతన్ని కప్తాన్ అని పిలిచేవాడు. వీళ్లిద్దరికీ పడవ నడపడం తెలుసని కాదు, ఆ పడవే బుద్ధిమంతురాలు. వీళ్లెన్ని తప్పులు చేసినా భద్రంగా ఒడ్డుకు తెచ్చి దించేది. తడిసిన బట్టలతో, ఎండకు కమిలిన ముక్కులతో, పిల్లల్లా నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. పనిమనిషి యాదవ్వకు చెముడు కాబట్టి వీధి తలుపు విరిగేలా బాదేవాళ్లు. ఆ బట్టలు పిండేటప్పుడు వాటిలోంచి నాచు వాసన వచ్చేది. నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఆ తర్వాత ఒళ్లు మండిపోయేది.

ఒక రోజు అన్నం పెడుతూ నన్ను కూడా తీసుకుపొమ్మని అడిగాను.

"గిట్ల సాదా పడవల నిన్నెట్ల తీస్కపోత? జర ఆగు. మంచిగ చేయించినంక పోదాం," అన్నాడు.

నా నెత్తిన నేనే దుమ్ము పోసుకున్నానని అప్పుడే తెలుసుకోవాల్సింది. మా అత్తమ్మ సౌభాగ్యమ్మ పూజగదిలోంచి ఆ మాట విన్నది. ఆడవాళ్లు పడవెక్కితే తప్పులేదట కానీ, పరదా లేకుండా ఎక్కితే మామగారి ఆత్మ ఘోషిస్తుందట. తాను కూడా వచ్చి పరదా సరిగా ఉందో లేదో చూసుకుంటుందట. వద్దని అననందుకే నేను సంతోషించాను. మా ఆయనైతే ఎగిరి గంతేశాడు. పడవకు పరదా! హైదరాబాదులో ఇంతవరకు ఎవరూ కట్టలేదట. కట్టరు మరి, అందరికీ బుర్ర ఉంటుంది కదా.

మరుసటి వారం పడవ వాకిట్లో తిష్ఠ వేసింది. ముందు నాలుగు మూలలా నాలుగు కొయ్యలు నిలబెట్టించాడు, పైన చట్రం, దానికి ఇత్తడి కడియాలు. దుకాణంలో ఉన్న ఖరీదైన మఖ్మలు తీసి, లోపల దళసరి అస్తరు వేయించి, మనిషెత్తు పరదా కుట్టించాడు. తెరచాప కింద అడ్డంగా ఉండే వాసం తిరిగినప్పుడల్లా ఈ కొయ్యలకు తగులుతోందని తెరచాపను అడుగునుంచి సగానికి కోయించాడు. మిగిలింది తువ్వాలంత. ఎట్లా ఉందని నన్ను అడిగాడు. తెరచాపకన్నా పరదాయే పెద్దగా ఉందన్నాను. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకుని మీసం దువ్వుకున్నాడు.

తర్వాత తివాచీ. నడుమ ఉన్న సందు వల్ల తివాచీ ఎగుడుదిగుడుగా ఉంటోంది. అత్తమ్మ కాలికి తట్టుకుంటుంది కదా! వడ్రంగిని పిలిచి ఆ సందు మూయించి, పైన తివాచీ పరిచాడు. మరి ఆ టేకు పలక? మంచి కర్ర పారేయలేక దానికి అడ్డపట్టీలు కొట్టించి, ఆడవాళ్లు పడవలోకి ఎక్కడానికి మెట్ల పలకగా మార్చాడు. పడవను నిలబెట్టే పలకను పడవలోకి ఎక్కే నిచ్చెన చేసిన మహానుభావుడు ఈ భూమ్మీద మా ఆయన ఒక్కడే అనుకుంటాను. దొర మాట గుర్తుచేస్తే, దొరల పడవల సంగతి వేరు, వాళ్లకు తివాచీ మీద కూర్చోవడం రాదు అన్నాడు.

తివాచీ తర్వాత లోడు దిండ్లు వచ్చాయి. తర్వాత తమలపాకుల పాన్‌దాన్ పెట్టడానికి పీట, పీటకు నగిషీ. ఎండాకాలం పోయింది, వాన మొదలైంది, పడవ వాకిట్లోనే ఉంది. మధ్యలో అది అడ్డమని బట్టలారేసే తీగ తీసేశారు. తీగ ఎక్కడ కట్టమని అడిగితే నొచ్చుకున్నాడు.

"గిదంత ఎవరి కోసం చేస్తున్న? నీ కోసమేనాయె," అన్నాడు.

ఆ మాటకు నాకు ఎంత మంటెత్తిందో చెప్పలేను. ఇదివరకు నీళ్లకూ నాకూ నడుమ ఒక గోడే ఉండేది. ఇప్పుడు నా కోసమని గోడ మీద గోడ కడుతున్నాడు, పైగా మఖ్మలుతో కడుతున్నాడు. అయినా నోరు మూసుకున్నాను. ఇంకో మాటంటే ఇంకో దిండు వస్తుందని భయం.

వానలు కాస్త తెరిపిచ్చిన ఒక శుక్రవారం ప్రయాణం పెట్టుకున్నారు. ఇంట్లోనే బండెక్కడం మా రివాజు. పడవకు కూడా అదే రివాజట. వాకిట్లో, బండి మీదున్న పడవలోకి, ఆ టేకు పలక ఎక్కి అత్తమ్మా నేనూ కూర్చున్నాం. పరదా నాలుగు వైపులా దించి, గాలికి ఎగరకుండా అడుగున తాళ్లతో బయటినుంచి బిగించి కట్టారు. బీరయ్య ఎడ్లను అదిలించాడు. నాంపల్లి నుంచి లక్డీకాపూల్ మీదుగా ఖైరతాబాద్ దాకా, ఇద్దరు ఆడవాళ్లం నడివీధిలో పడవలో కూర్చుని నేల మీద పోయాం. నేను చూసింది ఎర్రటి అస్తరు. విన్నది వెనక పిల్లల కేకలు. ఎవరో ఇది ఎవరి పెళ్లి ఊరేగింపని అడిగారు. మా ఆయన పక్కన నడుస్తూ, ఇది మా దుకాణం కొత్త సరుకని జవాబిస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మమ్మల్ని దించకుండానే బండిని వెనక్కి నీళ్లలోకి తోసి, పడవను జార్చారు. మెట్ల పలక ఒడ్డున పెట్టి కాపలా ఉండమని బీరయ్యకు చెప్పాడు మా ఆయన. నీళ్ల మీదికి వచ్చామని నాకు ఎట్లా తెలిసిందంటారా? అత్తమ్మకు వికారం మొదలైంది. అట్లా తెలిసింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన సాగరు నా కింద ఉంది, నా చుట్టూ ఉంది. నాకు మాత్రం అస్తరు కుట్లు కనిపిస్తున్నాయి. ఏడుపొచ్చింది. చెయ్యి పెడదామని పరదా అంచు కింద తడిమాను, వేలు దూరేంత సందు లేదు.

కప్తాన్ ఇంద్రసేన పడవలో లేడు. పరాయి మగవాడు మా పక్కన ఎట్లా కూర్చుంటాడు? సైకిలెక్కి గట్టు చుట్టూ తిరిగి ట్యాంక్‌బండ్ మీదికి వస్తానన్నాడు. కాబట్టి మా ఆయన ఒక్కడే వెనక చుక్కాని దగ్గర కూర్చున్నాడు. ఆయన ముందు మనిషెత్తు పరదా డబ్బా. లోపలున్న మాకు బయట కనిపించదు, బయటున్న ఆయనకు ముందు కనిపించదు. పడవ కొని, అలంకరించి, అందరం కలిసి గుడ్డివాళ్లమయ్యాం. కాసేపు ఆ తువ్వాలంత తెరచాపను లాగుతూ, గాలి లేదని విసుక్కున్నాడు.

అప్పుడు పడమటి గాలి లేచింది. తెరచాప సంగతి నాకు తెలియదు కానీ, నా వెనక పరదా ఒక్కసారి పొంగి, వీపు మీద చరిచినట్టు తగిలింది. పడవ ఉరికింది. నేరుగా కాదు, పక్కకు, ఒక వైపు ఒరిగి. నీళ్లలో నిలబెట్టే పలకేమో ఒడ్డున బీరయ్య కాపలాలో ఉంది. దిండ్లు, పాన్‌దాన్, అత్తమ్మ, అన్నీ నా మీదికి దొర్లాయి. మా ఆయన చుక్కాని ఎటు తిప్పినా పడవ వినలేదు. ముందేముందో చూద్దామని పక్కకు వంగితే ఆయన రూమీ టోపీ నీళ్లలో పడిందట. కొట్టుకుపోతున్నాం. ఎటన్నది తెలియదు. అలలు రాళ్లకు కొట్టుకునే చప్పుడు వినిపించసాగింది. అది ట్యాంక్‌బండ్ రాళ్ల కట్ట. గాలి మమ్మల్ని తిన్నగా దాని మీదికి తోస్తోంది.

అత్తమ్మకు ఈత రాదు. నాకూ రాదు. పరదా బయటినుంచి కట్టి ఉంది. పడవ తిరగబడితే ఆ మఖ్మలు సంచిలో ఇద్దరం మునిగిపోతాం. రెండు చేతులా పరదా పట్టుకుని గుంజాను.

"పరదా ముట్టకు. కట్ట మీద జనమున్నరు," అన్నాడు మా ఆయన బయటినుంచి.

చచ్చేముందు కూడా జనమే. ఆ మాట విని నాకు పట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆ మనిషి గొంతులో వణుకుంది, భయపడుతున్నాడు, అయినా పరదా దాటి ఆలోచన పోవడం లేదు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఒళ్లో బోర్లాపడ్డ పాన్‌దాన్‌లో చెయ్యి పెట్టి వెతికింది. అడకత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

"కొయ్యి బిడ్డా," అంది.

కోశాను. మఖ్మలు చీరి చెయ్యి బయటపెట్టి, అడుగున కట్టిన తాళ్లు ఒక్కొక్కటి కోశాను. ఇత్తడి కడియాలు గలగలమంటూ ఒక మూలకు జారాయి. పరదా గాలిలో ఒకసారి లేచి నీళ్లలో పడింది. పడవకు వెనక నుంచి తోపు తగ్గింది, తడిసిన మఖ్మలు బరువుగా వెంట ఈడ్చుకొస్తుంటే దాని ఉరుకుడు కూడా తగ్గింది.

అప్పుడు చూశాను. ఎన్ని నీళ్లు! బూడిదరంగు నీళ్లు, వాటి మీద గాలి గీతలు, దూరంగా ఖైరతాబాద్ చెట్లు, పైన అడ్డంలేని మబ్బు. కళ్లు చాలలేదు. ప్రాణం మీదికొచ్చిన ఆ ఘడియలో నాకు కలిగింది సంతోషమంటే మీరు నమ్మరు. నీళ్లలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను.

కట్ట దగ్గరపడింది. రాళ్ల మీద ఇంద్రసేన నిలబడి ఉన్నాడు. తాడు విసిరితే అందుకునేంత దూరం. కానీ స్నేహితుడి భార్య పరదా లేకుండా కనిపించేసరికి, ఆ మర్యాదస్తుడు గిరుక్కున వెనక్కి తిరిగి మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. మేం రాళ్లకు కొట్టుకుని ముక్కలైనా సరే, అతని మర్యాద చెక్కుచెదరకూడదు. చుట్టూ షికారుకొచ్చిన జనం అరుస్తున్నారు. మా ఆయన చుక్కానినే పట్టుకుని కూర్చున్నాడు. నేనే తాడు చుట్ట తీసుకుని లేచి నిలబడ్డాను. అంతకుముందు పరాయి మగవాడితో నేనెన్నడూ ఒక్క మాట మాట్లాడలేదు.

"ఇంద్రసేనన్నా, ఇటు తిరుగు. నన్ను చూడు. తాడు పట్టు," అన్నాను.

తిరిగాడు. పట్టుకున్నాడు. నలుగురు జతకలిసి లాగిపట్టారు. పడవ రాళ్లకు ఒక్కసారి రాసుకుని ఆగింది. పక్క చెక్క పగిలింది, మనుషులకేమీ కాలేదు. తాడు పట్టుకుని కట్ట వెంబడి చివరనున్న వాలు దాకా లాక్కుపోయారు. బీరయ్య బండి తోలుకుని చుట్టూ తిరిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. మెట్ల పలకను మాత్రం భద్రంగా తెచ్చాడు, పాపం. మా ఆయన మొదట చేసిన పని ఏమిటనుకున్నారు? నీళ్లలోంచి పరదా తీయించి మళ్లీ కట్టబోయాడు. అది తడిసి ముగ్గురు మోసినా లేవలేదు. తాళ్లు కూడా ముక్కలై ఉన్నాయి. కొంగు ముఖం మీదికి లాక్కొమ్మన్నాడు. అత్తమ్మ లాక్కుంది. నేను లాక్కోలేదు.

బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్ వచ్చాం. మళ్లీ అదే పడవలో, బండి మీద, కానీ ఈసారి ఏ అడ్డూ లేకుండా. మా దుకాణం బోర్డు చూశాను. మా మామగారి పేరు అంతంత అక్షరాల్లో ఉంది. ఇన్నేళ్లు ఆ దుకాణం అన్నం తిన్నాను, అది ఏ వైపు ఉందో నాకు తెలియదు. కొత్తగా కట్టిన మొజంజాహీ మార్కెట్ గడియారం చూశాను. దానికెవరూ కుచ్చులు కట్టలేదు, నడుస్తోంది. పళ్ల దుకాణాల దగ్గర జనం మమ్మల్ని చూసి నవ్వారు. నవ్వనీ. నేనూ వాళ్లను తేరిపార చూశాను. మా ఆయన బండికి అటుపక్కన తలవంచుకుని, టోపీ లేని నెత్తితో నడుస్తున్నాడు. తప్పంతా తాళ్లదేనట, ఈసారి పరదాకు బదులు కర్ర తలుపులు పెట్టిస్తాడట. ఆ సంగతి ఇంద్రసేనకు చెబుతుంటే విన్నాను. నవ్వొచ్చింది, నవ్వితే కన్నీళ్లొచ్చాయి.

నాంపల్లిలో ఒక ఇంటి ముందు బీరయ్య ఎడ్లను ఆపాడు. గోడ సున్నం పెచ్చులూడుతోంది. పట్టపగలు కిటికీలన్నిటికీ మందపాటి పరదాలు దించి ఉన్నాయి. లోపల ఎవరైనా చచ్చిపోయారేమో అనిపించేలా ఉంది ఆ ఇల్లు. చూస్తేనే దిగులేసింది.

"ఏంది బీరయ్యా, గీడ ఆగినవ్? గిది ఎవరిల్లు?" అని అడిగాను.

బీరయ్య నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "మీదేనమ్మా," అన్నాడు. "గేటు తీసేదాక ఆగిన."

కాపురానికి వచ్చిన నాటినుంచి నేను తిన్నది, పడుకున్నది, ఏడ్చింది ఈ ఇంట్లోనే. దాని ముఖం నేనెరుగను. ఇంకెవరైనా ఇంత అన్యాయం చేసి ఉంటే శాపనార్థాలు పెట్టేదాన్ని. ఇది మా ఇంటి గౌరవమట.

నేను పడవలోంచి కాలు బయటపెట్టాను. మా ఆయన గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపటికి పోయినంక దిగు. ఇప్పటికే ఊరంత చూసింది నిన్ను."

"నేను గూడ చూసిన," అన్నాను.

బీరయ్య వాల్చిన ఆ టేకు పలక మీదుగా వీధిలోకి దిగాను. వీధి తలుపు దగ్గరికి నడిచాను. అది లోపల గడియ పెట్టి ఉంది. బయటినుంచి దాన్ని ఎన్నడూ తట్టినదాన్ని కాదు, వేళ్ల కణుపులతో మెల్లగా తట్టాను. ఎవరూ రాలేదు.

"జర గట్టిగ కొట్టు," అంది అత్తమ్మ, నా వెనక వీధిలో నిలబడి. "లోపల యాదవ్వకు వినపడదు."